బుజ్జికి, చింతూరు వెళ్లే ముందు

రామతీర్థం



చింతూరు ఏజెన్సీలో గుత్తికోయల గూడేలకు నాలుగైదు సంస్థలు కలిసి పైలట్ ప్రాజెక్టులు చేస్తున్నాయని, వాటన్నిటినీ సమన్వయం చేసే పని నీకొచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. భీష్మ ఏకాదశికి ఇక్కడ జరిగే రాములవారి కల్యాణానికి వస్తావు కదా, తీరిగ్గా మాట్లాడుకుందాం అనుకున్నాను. కానీ అప్పటికి నువ్వు పనిలో మునిగిపోతావు. పార్వతీపురం ఏజెన్సీలో నౌకరీ చేసి రిటైరైనవాణ్ణి, చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

గుత్తికోయలు అక్కడికి ఎలా వచ్చారో నీకు తెలిసే ఉంటుంది. అయినా ఒక్కసారి వరసగా చూడు. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే దండు మొదలైంది. ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క శిబిరాల్లో పెట్టారు. శిబిరానికి పోతే మావోయిస్టులకు కోపం, పోకపోతే జుడుం వాళ్లకు కోపం. రెండూ వద్దనుకున్న మురియాలు, ఇక్కడ గుత్తికోయలని పిలిచేది వీళ్లనే, వేల సంఖ్యలో అడవి దాటి అప్పటి ఖమ్మం జిల్లాలోకి వచ్చారు. రిజర్వు ఫారెస్టులో పాకలు వేసుకుంటే అటవీశాఖ పీకించింది, కొన్ని గూడేలనైతే పదే పదే. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఇలాంటి దండులను ఆపమని, ఆదివాసీ కుర్రాళ్ల చేతికి తుపాకులిచ్చి పోలీసు పని చేయించొద్దని తీర్పిచ్చింది. తీర్పు వచ్చింది గానీ, తిరిగి వెళ్లడానికి ఇల్లేదీ? 2014లో వాళ్లు కదలకుండానే రాష్ట్రం మారింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు పోలవరం కోసం తెలంగాణ నుంచి ఆంధ్రలో కలిశాయి.

ఇలా మళ్లీ మళ్లీ చెదిరిన జనం మన వైపు కొత్తేం కాదు. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల నుంచి రంగూన్ రేవుకు కూలికి పోయినవాళ్లు 1930 మే అల్లర్లలో చావుదెబ్బలు తిన్నారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక జనం అరకాన్ దారిన, మణిపూర్ కొండల మీదుగా నడిచి వచ్చారు. దారిలోనే ఎందరో పోయారు. యుద్ధం ముగిశాక మళ్లీ వెళ్లినవాళ్లున్నారు. 1964లో నెవిన్ ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేశాక వాళ్లూ ఓడలెక్కాల్సి వచ్చింది. విశాఖలో బర్మా క్యాంపు ఉందే, అది వాళ్లదే. మా తాత తమ్ముడు రెండుసార్లు అలా వచ్చినవాడు. రంగూన్‌లో కట్టుకున్న ఇల్లు రాలేదు, ఆవులు రాలేదు. ఆయనతో ఓడ దిగినవి ఒక కాగితాల కట్ట, చేతిలో ఉన్న వడ్రంగం.

అందుకని నీ దగ్గరికి వచ్చే ప్రతి ప్రాజెక్టునూ ఒకటే అడుగు: రేపు ఈ గూడెం లేచిపోవలసి వస్తే ఇందులో ఏది వీళ్లతో పోతుంది? సిమెంటు తొట్టి పోదు. శిలాఫలకం అసలే పోదు. దాతలకు మాత్రం అవే ఇష్టం, ఫొటోలో బాగా పడతాయి. తల్లికి టేపు ఇచ్చి బిడ్డ జబ్బ కొలవడం నేర్పితే అది పోతుంది. ఆర్నెల్లు దాటిన, ఐదేళ్లలోపు బిడ్డకు ఆ కొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ప్రాణం మీదికి వచ్చినట్టే, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఈ మాట ఆ తల్లికి తెలిస్తే ఆమె ఏ వాగు ఒడ్డున ఉన్నా పనికొస్తుంది. టీకాల కార్డూ అంతే. ఒక ప్రతి ఏఎన్ఎం దగ్గర, ఒక ప్రతి తడవని సంచిలో తల్లి దగ్గర ఉండేలా చూడు. జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఛత్తీస్‌గఢ్ ఇచ్చిన రేషన్ కార్డు, దానికి ఆధార్ కలిపి ఉన్న కుటుంబమైతే ఒకే దేశం–ఒకే కార్డు కింద ఇక్కడి డిపోలోనే బియ్యం తీసుకోవచ్చు. ఈ సంగతి డిపో డీలరుకు కూడా తెలియకపోవచ్చు, నువ్వే వెళ్లి చెప్పాలి.

నీళ్ల సంగతి. మనిషికి రోజుకు 15 లీటర్లు అని సహాయ సంస్థల లెక్క. మే నెలలో వాగులో చెలమ తోడుకునే ఆడవాళ్ల పక్కన ఒక పూట కూర్చో. ఎన్ని లీటర్లు ఊరుతున్నాయో నీ కళ్లకే కనిపిస్తుంది. రిజర్వు ఫారెస్టులో బోరుకు అనుమతి అడిగితే ఫైలు తిరుగుతూనే ఉంటుంది. అలాగని అడగడం మానకు. ఐటీడీఏ, అటవీశాఖ, రెవెన్యూ మూడింటినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడమే నీ ఉద్యోగంలో అసలు పని. మిగతాదంతా రిపోర్టులు రాయడం.

సంస్థలన్నీ రోడ్డు పక్క గూడెంలోనే దిగుతాయి. ఒకరు దుప్పట్లు, ఇంకొకరు సోలారు దీపాలు, మళ్లీ దుప్పట్లు. వాగు దాటితే ఎవరూ ఉండరు. ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారో ఒక్క పట్టిక తయారుచేయించి, దూరపు గూడేలకు ముందు మనుషులను సర్దు. సర్వేకు మిరప కోతల రోజుల్లో వెళ్లకు, గూడెంలో ముసలివాళ్లూ కుక్కలూ తప్ప ఉండరు. ఇప్పపువ్వు ఏరేటప్పుడు, తునికాకు కోసేటప్పుడు కూడా అంతే.

పేర్ల విషయంలో బహు జాగ్రత్త. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో రాసిన జాబితా పోలీసుల చేతిలో పడినా ప్రమాదమే, మావోయిస్టుల చేతిలో పడినా ప్రమాదమే. పనికి అవసరం లేనిది అడగొద్దు, అడిగింది నలుగురికీ పంచొద్దు. ఒక్క విషయం మాత్రం ఓపిగ్గా రాయించి ఆ కుటుంబం దగ్గరే ఉంచు: ఊరు ఎప్పుడు విడిచారు? అటవీ హక్కుల చట్టంలో అన్యాయంగా వెళ్లగొట్టబడ్డవాళ్లకు ప్రత్యామ్నాయ భూమి ఇచ్చే సెక్షన్ ఉంది. కానీ అందులో 2005 డిసెంబరు 13 అని ఒక గీత గీశారు. జుడుం మొదలైంది అదే ఏడాది జూన్‌లో కనుక ఆ తేదీకి ముందు ఊరు విడిచారా తర్వాత విడిచారా అన్నదాని మీద కూడా ఒక కుటుంబం వాదన నిలవొచ్చు, పోవచ్చు. ఇక్కడి జాబితాలో కోయలు షెడ్యూల్డ్ తెగ, మురియాలకు మాత్రం కుల ధ్రువపత్రం దొరకడమే కష్టం. అది కూడా ఈ చిక్కులో భాగమే.

స్థానిక కోయలను వదిలేసి పని చేయకు. వాళ్ల పొలాల్లో కూలికి పోయి బతికేదీ గుత్తికోయలే, పోడు దగ్గర తగాదా పడేదీ వాళ్లతోనే. 2022 నవంబరులో తెలంగాణలోని చండ్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజ్ అధికారి హత్య జరిగాక, గుత్తికోయ నిందితుల గూడేన్నంతటినీ వెళ్లగొట్టాలని పంచాయతీ తీర్మానం చేసింది. చేసినవాళ్లు కొందరు, శిక్ష అందరికీ. బోరు వేసినా, వైద్య శిబిరం పెట్టినా రెండు ఊళ్లకూ అందేటట్టు పెట్టు.

పైలట్ అంటే ప్రభుత్వం చూసి పెద్ద ఎత్తున ఎత్తుకోవడానికి చేసే పని. అది అసాధ్యమని ఎవరైనా అంటే బ్రూ తెగవాళ్ల సంగతి చెప్పు. 1997లో మిజోరం వదిలి త్రిపుర శిబిరాల్లో పడి ఉన్నవాళ్లకు 2020 జనవరిలో ఒప్పందం కుదిరి అక్కడే ఇంటిస్థలం, 4 లక్షల డిపాజిట్, రెండేళ్లపాటు నెలకు 5 వేలు, రేషన్ వచ్చాయి. ఇరవైమూడేళ్లు పట్టింది, నిజమే. మురియాలు అడుగుతున్నదీ అలాంటిదే.

ఏ గూడెంలో అడుగుపెట్టినా ప్రాజెక్టు ముగిసే తేదీ మొదటి రోజే చెప్పు. ఆ తర్వాత చేతిపంపు బాగుచేసేది ఎవరో, పిల్లలకు వాళ్ల భాషలో పాఠం చెప్పే వాలంటీరుకు జీతం ఇచ్చేది ఎవరో, ఆ బాధ్యత తీసుకునే శాఖ అధికారి సంతకంతో కాగితం తీసుకో. ఆ సంతకం రానిదే అక్కడ కొబ్బరికాయ కొట్టొద్దు.

ఇట్లు,
మీ పెదనాన్న