కోత బల్లకు స్టార్టరు



ఇంటి వసారాలో చెక్కపని మొదలుపెట్టేవారు పళ్ల చక్రం ఎంత పదునైనదో, మోటారు ఎన్ని హార్స్‌పవర్లదో విచారించినంతగా, ఆ యంత్రాన్ని ఆపే మీట ఎటువంటిదో విచారించరు. అమ్మే దుకాణదారు కూడా అడగనిదే ఆ సంగతి ఎత్తడు. చక్రం తిరుగుతున్నంతసేపు మనిషి జాగ్రత్తగానే ఉంటాడు గనుక, అది ఆగి ఉందన్న నమ్మకంతో చేయి దగ్గరకు పెట్టే వేళలను గురించి ఎక్కువగా ఆలోచించవలసి ఉంటుంది.

అవుకు, కొలిమిగుండ్ల, బేతంచెర్ల ప్రాంతాలలో నాపరాయి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు ఉన్నందున నాలుగంగుళాల రాతి కట్టరు అక్కడ ఎవరికీ కొత్త వస్తువు కాదు. వజ్రపు పొడి అంటించిన బిళ్ల తీసి, గట్టి లోహపు పళ్లున్న చెక్క బ్లేడు తొడిగి, కట్టరును తలకిందులుగా ప్లైవుడ్ బల్ల అడుగున బిగించి, చీలికలోంచి బ్లేడు పైకి వచ్చేటట్లు చేస్తే తక్కువ ఖర్చుతో కోత బల్ల తయారవుతుంది. తెలుగు ఊళ్లలో కొందరు వడ్రంగులకు మొదటి కోత బల్ల ఇదే. అయితే రాతి బిళ్ల రాయిని రాపిడితో అరగదీస్తుంది, చెక్క బ్లేడు పళ్లు చెక్కను కొరికి పట్టుకుంటాయి. పట్టు బిగుసుకున్నప్పుడు చెక్క పనివాడి వైపు ఎగిరి వస్తుంది. 110 మిల్లీమీటర్ల బ్లేడు నిమిషానికి 12,000 చుట్లు తిరిగితే దాని పంటి వేగం సెకనుకు దాదాపు 69 మీటర్లు, అంటే గంటకు 250 కిలోమీటర్లకు దగ్గర. చేతిలో ఉన్నప్పుడు కట్టరుకు ఒక రక్షణ ఉండేది: వేలు వదిలితే యంత్రం ఆగిపోయేది. బల్ల కింద బిగించాక వేలికి చోటు లేదు కనుక మీటను లాక్ గుండీతో నొక్కి ఉంచుతారు, లాక్ లేకపోతే ప్లాస్టిక్ తాడుతో కట్టేస్తారు, ఇక యంత్రాన్ని నడిపేది, ఆపేది గోడ మీది ప్లగ్గు స్విచ్చే. ఆ స్విచ్చు తరచుగా పనివాడి వీపు వెనక ఉంటుంది.

ఇటువంటి బల్ల మీద పలక సగం కోసినప్పుడు కరెంటు పోయిందనుకుంటే, పనివాడు కాసేపు చూసి, ఇరుక్కున్న పలకను లాగడానికో, చీలికలో చేరిన పొట్టు దులపడానికో చేయి పెడతాడు. గోడ స్విచ్చు వేసే ఉందన్న సంగతి అప్పటికి మరపున పడి ఉంటుంది. కరెంటు తిరిగి రావడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఫ్యూజు, ఎమ్‌సీబీ ఈ ప్రమాదాన్ని ఆపలేవు, ఎందుకంటే అవి తీగలో ప్రవాహం మితిమీరినప్పుడు మాత్రమే తెగుతాయి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ షాకు నుంచి కాపాడుతుంది గాని పంటి నుంచి కాపాడదు.

ఈ ప్రమాదానికి తగిన మందు పొలంలోనే ఉంది. బోరు మోటారు దగ్గరి స్టార్టరు డబ్బాలో తీగచుట్ట ఒకటి ఉంటుంది, దానిని ఎలక్ట్రీషియన్లు నో-వోల్ట్ కాయిల్ అంటారు. పచ్చ బటను నొక్కగానే ఈ చుట్టలో కరెంటు పారి అది అయస్కాంతమవుతుంది, ఇనుప దిమ్మెను లాగి మోటారుకు కరెంటు అందించే కాంటాక్టులను కలుపుతుంది; అదే కదలికలో పక్కనున్న చిన్న కాంటాక్టు కూడా మూసుకుని, బటను మీద నుంచి వేలు తీసినా చుట్టకు కరెంటు అందేటట్లు చేస్తుంది. కరెంటు పోతే అయస్కాంతం చచ్చి, స్ప్రింగు కాంటాక్టులను విడదీస్తుంది. కరెంటు తిరిగి వచ్చినా చుట్టకు దారి తెగే ఉంటుంది గనుక, మనిషి వచ్చి పచ్చ బటను నొక్కేదాకా మోటారు కదలదు. ఎర్ర బటను చేసే పనీ ఇంతే, ఆ చుట్టకు అందే కరెంటును క్షణం పాటు తెంచడం.

రాత్రి వేళల్లో వంతులవారీగా కరెంటు వచ్చే రోజుల్లో రైతులు ఈ గుణాన్నే అడ్డంకిగా భావించి, కరెంటు రాగానే బటను దానంతటదే నొక్కినట్లు పనిచేసే ఆటో పరికరాన్ని స్టార్టర్లకు తగిలించారు. అర్ధరాత్రి బోరు దగ్గరకు నడిచి వెళ్లవలసినవాడికి అది న్యాయమైన కోరికే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, భూగర్భజలం వృథా కాకుండా ఆటో స్టార్టర్లు తీసేయాలని ప్రభుత్వమే ప్రచారం చేయవలసి వచ్చింది. నీళ్లు తోడే యంత్రం యజమాని లేనప్పుడు తిరిగితే పోయేది నీరు, మహా అయితే మోటారు; కోత బల్ల అలా తిరిగితే పోయేది చేయి. ఇంట్లో పాత స్టార్టరు ఉంటే దానినే బల్లకు వాడుకోవచ్చుగాని, అందులో ఆటో పెట్టె ఉంటే ముందుగా దానిని విప్పేయాలి. బటనును నొక్కి ఉంచడానికి పుల్ల దోపి ఉంటే అదీ తీసేయాలి.

పాత స్టార్టరు వాడేముందు కాయిల్ మీద రాసిన వోల్టేజీ చదవాలి. బోర్లకు పెట్టేవి సాధారణంగా త్రీఫేజు స్టార్టర్లు, వాటి కాయిళ్లు చాలావరకు 415 వోల్టులవి. ఇంటి సింగిల్ ఫేజులో ఉండేది 230 వోల్టులు, కనుక ఆ కాయిల్ దిమ్మెను సరిగా లాగలేక గరగరమంటుంది. కాయిల్ మార్చాలి, లేదా సింగిల్ ఫేజుకే చేసిన నో-వోల్ట్ స్విచ్చు కొనాలి. లైట్ల కోసం చేసిన మీటను దాని మీద రాసిన ఆంపియర్లు చూసి మోటారుకు పెట్టడం పొరపాటు, ఎందుకంటే సాధారణ ఇండక్షన్ మోటారు కదిలే క్షణంలో మామూలు ప్రవాహానికి ఐదారు రెట్లు లాగుతుంది, ఆ నిప్పురవ్వకు సాధారణ కాంటాక్టులు అతుక్కుపోతాయి. అతుక్కున్న స్విచ్చు ఆపినా ఆగదు. ఫేజు, న్యూట్రల్ రెండూ తెగే స్విచ్చు మేలు. తీగలు కలిపే పని మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌దే.

ఇక ఆపే బటను ఎక్కడ ఉండాలన్నది. రెండు చేతులూ పలకను నొక్కి పట్టి ఉన్నప్పుడు, కన్ను బ్లేడు మీద నుంచి తిప్పలేనప్పుడు ఆపవలసి వస్తుంది. అందుచేత పుట్టగొడుగు ఆకారపు పెద్ద ఎర్ర బటనును బల్ల ముందు అంచు కింద, తొడకు గాని మోకాలికి గాని తగిలే ఎత్తులో బిగించాలి; నొక్కితే లోపలికి పోయి, తిప్పితేనే పైకి వచ్చే రకం కావాలి. పచ్చ బటను పొరపాటున నడుము తగలనంత లోపలికి ఉండాలి. ఎర్ర బటను తీగ కాయిల్‌తో వరుసలో, మామూలుగా మూసి ఉండి నొక్కితే తెరుచుకునే కాంటాక్టుతో కలపాలి. అప్పుడు ఎలుక ఆ తీగ కొరికి తెంచినా యంత్రం ఆగిపోయే వైపుకే పోతుంది.

స్విచ్చు కరెంటును ఆపుతుంది గాని బ్లేడును పట్టుకోదు, అది తన ఊపుతో ఇంకొన్ని సెకన్లు తిరుగుతుంది. అమెరికాలో స్టీవ్ గాస్ 1999లో రూపొందించిన సాస్టాప్ అనే సాధనం, బ్లేడు చర్మానికి తగిలిందని గుర్తించి, అల్యూమినియం దిమ్మెను పళ్లలోకి నెట్టి సుమారు 5 మిల్లీసెకన్లలో ఆపుతుంది. ఆ తరువాత దిమ్మెనూ బ్లేడునూ మార్చుకోవలసిందే, దాని ధర కూడా వసారా బల్లకు అందేది కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 24వ సెక్షను ప్రతి పనిగదిలోనూ ఆపత్సమయంలో కరెంటు తెంచే సాధనం ఉండాలని చెప్పింది. అయితే కరెంటు వాడి కనీసం 10 మంది పనిచేసే చోట్లను దృష్టిలో పెట్టుకుని అప్పట్లో చేసిన చట్టం అది. ఇంటి వసారాకు ఏ ఇన్‌స్పెక్టరూ రాడు.

స్టార్టరు బిగించాక చెక్క లేకుండా యంత్రం నడిపి, మరొకరి చేత మీటరు దగ్గరి మెయిన్ తీయించి, బ్లేడు పూర్తిగా ఆగాక, బల్లకు దూరంగా నిలబడి మెయిన్ వేయించాలి. ఇంట్లో ఫ్యాను తిరగాలి, ఫ్రిజ్జు మొదలవాలి, బల్ల కదలకూడదు. నెలకొకసారి, వైరింగు ముట్టుకున్న ప్రతిసారీ ఇదే పరీక్ష చేయాలి. బ్లేడు మార్చేటప్పుడు మాత్రం ఏ స్విచ్చునూ నమ్మక, ప్లగ్గు ఊడబెరికి కంటికి కనిపించేటట్లు బల్ల మీద పెట్టుకోవాలి.