కొండ ఊరికి వెళ్ళే మనవలకు

యానాంలో కొండన్నది లేదు. గౌతమి, ఏటిగట్టు, ఆ పైన సముద్రం. అందుకేనేమో, సెలవులొస్తే మన పిల్లలు రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి బండి కట్టేస్తారు. మొదట ఉద్యోగం కోసం, తర్వాత స్నేహం కొద్దీ అక్కడి కొండరెడ్డి గిరిజనుల ఊళ్ళు తిరిగినవాణ్ణి. నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

1. రోడ్డు మీది హోటళ్ళు వేరు, లోపలి ఊళ్ళు వేరు. వెదురు తడికకు మట్టి మెత్తి కట్టుకున్న ఆ ఇళ్ళు బొమ్మల కొలువు కాదు. ముందు ఊరి పెద్దకాపును కలవండి. ఫలానా ఊరివాళ్ళమని చెప్పండి. రమ్మంటేనే లోపలికి. అడక్కుండా ఫోన్ తీసి ఎవరి మొహానా పెట్టకండి.

2. మన ఊళ్ళో మందు చవక. ఆ సీసాలు డిక్కీలో వేసుకుని కొండెక్కేవాళ్ళను చూస్తే నాకు కడుపు మండుతుంది. అవి ఆంధ్ర సరిహద్దు దాటించడమే నేరం. కుర్రాళ్ళ చేతిలో పెట్టి రావడం అంతకన్నా నేరం. కొండవాళ్ళకు జీలుగు కల్లుంది. చెట్టు కిందే కూర్చుని నలుగురూ పంచుకుంటారు. గింజలు నిండుకున్న రోజుల్లో అది ఆకలికీ ఆసరా. 1879లో రంప ఫితూరీ, అంటే తిరుగుబాటు, లేవడానికి ఆ కల్లు మీద వేసిన చిగురు పన్ను ఒక పెద్ద కారణం. మీ చేతికి దొప్ప ఇచ్చారంటే మిమ్మల్ని మనిషిగా లెక్కేసుకున్నట్టు. తాగకపోతే ఆ మాట దణ్ణం పెట్టి చెప్పండి, ఏమీ అనుకోరు.

3. వాగులో రాయి బరువు పెట్టిన బుట్ట కనబడితే కదపకండి. అందులో మామిడి టెంకల్లోని జీడి ఉంటుంది. దంచి, పారే నీళ్ళలో రోజుల తరబడి నాననిస్తేగానీ వగరు, చేదు వదలవు. తర్వాత జావ కాస్తారు. వానాకాలంలో ఎన్నో ఇళ్ళకు అదే కూడు. బుట్ట కొట్టుకుపోతే ఒక ఇంటి పొయ్యి ఆరినట్టే.

4. కొత్త మామిడి పండుగ కాకుండా వాళ్ళు కాయ ముట్టరు. మీరూ రాయి విసరకండి.

5. బొంగులో చికెన్ తినండి, బాగుంటుంది. పచ్చి వెదురు చెమ్మకే ముక్క ఉడుకుతుంది, చుక్క నూనె అక్కర్లేదు. తిన్నాక ఆకులు, బొంగులు మట్టిలో కలుస్తాయి. ప్లాస్టిక్ గ్లాసులు కలవవు. మారేడుమిల్లి దగ్గరి గుడిసె కొండ మీద అవి చూసి ఏడుపొచ్చింది.

6. “ఇక్కడ సెంటు ఎంత?” అని అడగకండి. మన పెద్దమనుషులకు రిసార్టు పిచ్చి ముదిరింది. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల పేరున మారదు. బినామీ పేర్లతో దొడ్డిదారి వెతికేవాళ్ళను వాళ్ళు చాలామందిని చూశారు. ఆ ప్రశ్న మీ నోట వచ్చిందంటే అరుగు మీద మాట అక్కడితో ఆగిపోతుంది. చింతపండు, కొండచీపుళ్ళు, తేనె కొనండి. బేరమాడకండి.

7. పాపికొండల వైపు పడవలో వెళ్తే లైఫ్ జాకెట్ విప్పకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఎంతమంది పోయారో మరవకూడదు. ఇంకొకటి. పోలవరం ప్రాజెక్టు ముంపులో దేవీపట్నం మండలపు ఊళ్ళు చాలా ఖాళీ అయ్యాయి. అక్కడివాళ్ళు పునరావాస కాలనీల సిమెంటు ఇళ్ళల్లో ఉన్నారు, అడవికి దూరంగా. చూడ్డానికి ఏముందని వాళ్ళను దాటి పోకండి. ఆగి పలకరించండి. పరిహారం పూర్తిగా అందిందా, పిల్లలకు పని దొరికిందా అని అడగండి.