రొయ్యకు కొలత ఉంది, మనకే లేదు

ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, ఇందుకూరుపేట, విడవలూరు.. నెల్లూరు తీరాన ఏ రొయ్యల గుంట గట్టెక్కినా పద్ధతి ఒకటే. మేత రోజుకు నాలుగైదు సార్లు, కొంచెం కొంచెంగా వేస్తారు. కాసేపాగి చెక్ ట్రే పైకి లాగి చూస్తారు. మేత మిగిలితే తర్వాతి పూట తగ్గిస్తారు. అప్పుడప్పుడూ విసురు వల వేసి కౌంట్, అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో చూసుకుంటారు. మేత ఎక్కువైతే గుంట అడుగు చెడుతుందనీ, తక్కువైతే తూకం రాదనీ నిన్న పనిలో చేరిన కుర్రాడికి కూడా తెలుసు.

ఆ కుర్రాడే పొద్దున టీతో సరిపెడతాడు. మధ్యాహ్నం ఏదో తిన్నాననిపిస్తాడు. రాత్రి పదింటికి పళ్లెం నిండా అన్నం, దాని మీద పులుసు పోసుకుని తిని, షెడ్డులో వెల్లకిలా పడుకుంటాడు. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఏరియేటర్లు చూసుకోవడానికి ఎటూ లేవాలి. అంతకు ముందే ఛాతీలో మంట, గొంతులోకి పుల్లనీళ్లు వచ్చి లేపేస్తాయి. కృష్ణపట్నం పోర్టుకు తిరిగే లారీ డ్రైవరుకైనా, ప్రాసెసింగ్ ప్లాంటులో రాత్రి షిఫ్టు చేసే ఆడవాళ్లకైనా ఇదే వరస.

మంట ఎందుకు?

అన్నవాహిక, కడుపు కలిసేచోట కండరం ఒకటి తలుపులా పనిచేస్తుంది. కడుపు నిండుగా సాగినా, నూనె వంటకాలు అరగక నిలిచినా, బీడీ, ఖైనీ, మందు అలవాట్లున్నా ఆ తలుపు వదులవుతుంది. పొట్ట పెరిగితే కింది నుంచి ఒత్తిడి కూడా తోడవుతుంది. అమెరికాలో పది వేలమందికి పైగా నర్సుల్ని పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. లావుగా లేనివాళ్లలోనైనా సరే, బరువు పెరిగేకొద్దీ మంట పెరిగిందని అందులో తేలింది.

మంట మొదలయ్యాక మనవాళ్లు రెండు దారులు పడతారు. కొందరు మంట చల్లారుతుందని గంటకోసారి పాలు, బన్ను, బిస్కెట్లు తింటారు. పాలు కాసేపు హాయినిచ్చినా తర్వాత ఆమ్లం మళ్లీ ఊరుతుంది, నడుము మాత్రం పెరుగుతుంది. ఇంకొందరు తింటే మంటేనని భయపడి కారం, పులుపు, పప్పు, చేప ఒక్కొక్కటే మానేసి, చివరికి చారన్నంతో మిగిలి చిక్కిపోతారు. మందనుకుని చేసే ఈ రెండూ తప్పే.

ముందు వేళ మార్చండి

పగటి డ్యూటీ అయితే పెద్ద భోజనం మధ్యాహ్నం పెట్టుకోండి. రాత్రి ఏడు, ఏడున్నరకల్లా తేలికగా ముగించండి. తిన్నాక పడుకోవడానికి కనీసం రెండు మూడు గంటలు గడవాలి.

రాత్రి డ్యూటీ అయితే ఎక్కే ముందే భోంచేయండి. అర్ధరాత్రి ఆకలికి రెండు ఇడ్లీలో, చిన్న గిన్నెడు పెరుగన్నమో, అరటిపండో చాలు. డ్యూటీ దిగి, నెయ్యి కారందోసెలు లాగించి వెంటనే పడుకునే అలవాటు మానండి. దోసె తినాలనుంటే సెలవు రోజు తినండి, తిన్నాక పని చూసుకోండి.

మేత వేళ దాటితే మేస్త్రి ఊరుకోడు కదా! మీ భోజనానికీ ఒక వేళ కావాలని ఆయన్నే అడగండి. తిన్న వెంటనే 25 కేజీల మేత బస్తా ఎత్తడం, వంగి పనిచేయడం అరగంటైనా వాయిదా వేయండి. బెల్టు ఒక రంధ్రం వదులు చేయండి.

పులుసు మానాలా?

చింతపండు, మామిడికాయ ముక్కలు, దండిగా కారం పడకపోతే అది నెల్లూరు చేపల పులుసే కాదు. అందరికీ అన్నీ పడకపోవు. ఇక్కడే చెక్ ట్రే బుద్ధి వాడాలి. అనుమానం ఉన్న ఒక్క పదార్థాన్నే రెండు వారాలు ఆపి, మళ్లీ కొంచెం తిని చూడండి. మంట రాకపోతే దాన్ని మానాల్సిన పని లేదు. వస్తే తగ్గించండి. పులుసు మధ్యాహ్నానికి జరపండి. ముక్కలు ఎక్కువ, పులుసు తక్కువ వడ్డించుకోండి. రాత్రికి చేప తినాలనుంటే కొరమీనో, చందువో తక్కువ నూనె, తక్కువ కారంతో వండించుకోండి.

బరువు తగ్గాల్సినవాళ్లు పూటకో గరిటె అన్నం తగ్గించి, ఆ చోటును బీరకాయ, సొరకాయ, పొట్లకాయ కూరతో నింపండి. వారానికి అరకేజీ తగ్గితే చాలు, తొందర వద్దు. పెరగాల్సినవాళ్లు పళ్లెం పెద్దది చేయకండి, పూటలు పెంచండి. మూడు పూటల మధ్య ఉడికించిన గుడ్డు, అరటిపండు, పెరుగు చేర్చండి. వేపుళ్లతో పెరగాలని చూస్తే మంట తిరగబెడుతుంది.

మీ కౌంట్ ఎంత?

మన దేశస్థులకు డాక్టర్లు చూసే లెక్క ప్రకారం 5 అడుగుల 5 అంగుళాల మనిషి 50 నుంచి 62 కేజీల మధ్య, 5 అడుగుల 2 అంగుళాల మనిషి 46 నుంచి 57 కేజీల మధ్య ఉండాలి. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు.

పడక విషయానికొస్తే, మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టండి. రెండు దిండ్లు వేసుకుంటే మెడ వంగుతుందే గానీ ఛాతీ లేవదు. ఎడమ పక్కకు తిరిగి పడుకోండి.

మాత్ర, డాక్టరు

పాంటాప్రజోల్ లాంటి మాత్ర డాక్టరు రాస్తే తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. చాలామంది మంట వచ్చాక మింగి, పనిచేయలేదంటారు. రెండు వారాలు దాటినా మంట తగ్గకపోతే షాపులో కొనుక్కోవడం ఆపి డాక్టరును కలవండి. ఒళ్లు నొప్పుల బిళ్లలు తరచూ మింగుతుంటే ఆ సంగతీ చెప్పండి.

ప్రయత్నం లేకుండా బరువు తగ్గుతున్నా, ముద్ద గొంతులో అడ్డుపడుతున్నా, నల్లటి విరేచనం, రక్తపు వాంతి కనిపించినా అది మామూలు మంట కాదు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. ఛాతీ బరువెక్కి, చేతికో దవడకో నొప్పి పాకి, చెమటలు పడితే గ్యాసని సోడా తాగుతూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి.

మేత తూచే కాటా షెడ్డులోనే ఉంది. ఈసారి రొయ్యల కౌంట్ చూసే రోజున మీరూ దాని మీద నిలబడి, ఆ అంకె గోడ మీద రాసిపెట్టండి.