కాకి కోసం ఆగకండి



చావు జరిగిన ఇంటికి వెళ్లినప్పుడు ఎవరు ఎక్కడ కూర్చున్నారో ముందు చూస్తాను. ఇన్నేళ్ల గురు జీవితంలో పట్టుబడిన అలవాటు ఇది. అన్న పందిరికి ఈ కొసన, తమ్ముడు ఆ కొసన కూర్చుని ఉంటే, ఆ ఇంట్లో పోయింది ఒక్క మనిషే కాదని తెలిసిపోతుంది.

ఈ వారం మన పాఠానికి ఒక సినిమా కథను తీసుకుంటున్నాను. "ఫాదర్‌గారు సినిమాల్లో పడ్డారేమిటి?" అనుకోకండి. మన ప్రభువు కూడా కథలతోనే బోధించారు. తప్పిపోయిన కుమారుడు, మంచి సమరీయుడు, ధనవంతుడు - లాజరు, ఇవన్నీ ఆయన చెప్పిన కథలే. నేరుగా చెబితే మనకు కోపం వచ్చే మాట, కథలో వేరే మనిషి మీద పెట్టి చెబితే చెవిలోకి దిగుతుంది.

ఆ సినిమా పేరు 'బలగం'. 2023 మార్చి 3న విడుదలైంది. సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి దర్శకుడిగా తీసిన మొదటి చిత్రమది. సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెల్లోనే తీశారు. అందులోని మాట, తిండి, అలక, ఏడుపు అన్నీ మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలోనివే.

కథ చిన్నదే. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. మనుమడు సాయిలు అప్పుల్లో ఉన్నాడు, నిశ్చితార్థం దగ్గర పడింది. తాత పోయాడన్న బాధకంటె, పెళ్లి ఆగిపోతుందేమో, కట్నం డబ్బు రాదేమో అన్నదే అతని దిగులు. మూడవ రోజున పిట్టకు పెడితే కాకి ముట్టదు. పెద్దమనిషికి ఏదో కోరిక మిగిలిపోయిందని ఊరంతా గుసగుసలు. వెదికితే తేలిందేమిటి? ఒక్కగానొక్క ఆడబిడ్డ లచ్చవ్వ ఇరవై ఏళ్లుగా పుట్టింటి గడప తొక్కలేదు. అన్నం పెట్టిన కాడ అల్లునికి నల్లిబొక్క వేయలేదన్న మాట మీద మొదలైన పంచాది అది! ఆఖరికి పదకొండవ రోజున బుడిగ జంగాల కళాకారులు పోయిన మనిషి బతుకును పాటగా పాడుతుంటే, ఒక్కొక్కరి గుండె కరుగుతుంది. అన్నదమ్ములు, ఆడబిడ్డ, బావ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారు. అప్పుడు గాని కాకి వచ్చి ముట్టదు.

ఆ పాట పాడిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు నిజజీవితంలోనూ ఆ వృత్తివారే. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. సినిమా వచ్చిన ఆ వేసవిలో ఎన్నో ఊళ్లలో గ్రామస్థులు నడివీధిలో తెర కట్టి, చాపలు పరిచి, అందరూ కలిసి చూశారు. భూమి తగాదాతో మాటలు మానుకున్న అన్నదమ్ములు ఈ చిత్రం చూసి కలిసిపోయారని నిర్మల్ జిల్లా నుండి పత్రికల్లో వార్త కూడా వచ్చింది.

కల్పిత కథకు ఇంత బలం ఎక్కడిది? పెద్ద సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ మాట ఒకటి నేర్చుకున్నాము. విషాద నాటకం చూసేవారిలో జాలి, భయం పుట్టి, ఆ మార్గాన మనసు తేలిక పడుతుందని ఆయన భావం. కాని పునీత అగుస్తీనువారు ఇక్కడ మనల్ని ఒక ప్రశ్న వేసి ఆపుతారు. చిన్నతనంలో బడిలో చదివిన కావ్యంలో డీడో అనే రాణి చావుకు తాను కన్నీరు కార్చానని, తన ఆత్మ దుస్థితికి మాత్రం ఒక్క చుక్క రాల్చలేదని ఆయన తన ఆత్మకథలో ఒప్పుకున్నారు. తెర మీద లచ్చవ్వ కోసం ఏడ్చి, ఇంటికి వచ్చి సొంత చెల్లెలి ఫోను ఎత్తని మనకు ఆ ప్రశ్న తగలదా?

అయితే ఏడుపు తప్పని ఆయన అనలేదు. క్రీ.శ. 387లో తల్లి మోనికమ్మ ఓస్తియా రేవులో మరణించినప్పుడు ఆయన మొదట కన్నీళ్లు బిగబట్టుకున్నారు. తరువాత ఒంటరిగా దేవుని ఎదుట తనివితీరా ఏడ్చారు. మన ప్రభువు సంగతి చూడండి. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఆ సమాధి దగ్గర ఆయన కన్నీరు విడిచారు. విశ్వాసం ఉన్నవారు ఏడవకూడదని చావింట్లో ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక మన సంగతికి వద్దాము. మన కతోలిక ఇళ్లలో పిట్టకు పెట్టే ఆచారం లేదు. పొరుగువారి ఆచారాన్ని చూసి నవ్వడం మనకు తగదు. ఆ కాకి ఆ కుటుంబానికి ఒక మేలు చేసింది. నాలుగు గోడల మధ్య దాచిన తగవును ఊరి ఎదుట నిలబెట్టింది. మన దగ్గర అలా నిలబెట్టేదేది? పోయినవారి కోసం పూజ చెప్పిస్తాము. అన్న ఒక బల్ల మీద, తమ్ముడు ఇంకో బల్ల మీద కూర్చుంటారు. సమాధానం తెలుపుకొనే వేళ ఇద్దరూ ముక్కూ మొగం తెలియని వారికి చేతులు జోడిస్తారు, ఒకరి వైపు ఒకరు తిరగరు. తరువాత ఇద్దరూ దివ్యసత్ప్రసాదానికి వరుసలో వస్తారు. ఎవరూ ఏమీ అనరు. కానుకను పీఠం ముందే విడిచి, ముందు వెళ్లి సహోదరునితో రాజీపడమని మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాట మనకున్న హెచ్చరిక. ఆ మాట కాకిలా ఎగిరి వచ్చి కనబడదు. మనమే గుర్తు చేసుకోవాలి.

మన ప్రాంతంలో ఇంకొక కష్టం ఉంది. జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని ఇల్లు అరుదు. అక్కడ చనిపోతే కంపెనీ కాగితాలు, ఎంబసీ అనుమతి అన్నీ కుదిరి, పెట్టె శంషాబాదులో దిగే సరికి వారాలు గడుస్తాయి. చివరి చూపు, చివరి మాట ఉండవు.

కోరుట్ల వైపు ఒక పల్లెలో అలా వచ్చిన ఒక తమ్ముణ్ణి పాతిపెట్టాము. వీసా కోసం తెచ్చిన అప్పు మీద మాటా మాటా వచ్చి, అన్న అతనితో మాట్లాడక మూడేళ్లయింది. మట్టి వేసిన తరువాత ఆ అన్న మరదలి దగ్గరికి వెళ్లి, "ఫోన్ల ఎప్పుడన్న నా గురించి అడిగిండా, బిడ్డా?" అన్నాడు. ఆమె తల వంచుకుంది. ఆ రోజు నేను పునరుత్థానం గురించి చక్కగానే ప్రసంగించాను. కాని ఆ అన్న నోట ఆ ప్రశ్న వినగానే, మూడేళ్ల క్రితమే ఈ ఇంటికి రావలసింది గదా అని నాకు సిగ్గు వేసింది. ఆ తగవు సంగతి నాకు తెలుసు. ఎవరి ఇంటి గొడవ వారిదని ఊరకున్నాను.

అందుచేత ప్రతి కుటుంబానికీ మూడు మనవులు.

మొదటిది: పెద్దవారు మంచాన పడిన రోజే దూరమైన బిడ్డలకు కబురు పెట్టండి. వ్యాధిగ్రస్తుల అభ్యంగనానికి గురువును పిలిచేటప్పుడు, అలిగిన వారిని కూడా పిలవండి. ప్రాణం ఉండగా పట్టుకున్న చేయి, పెట్టె మీద వేసిన పూలదండ కంటె గొప్పది.

రెండవది: ఆస్తి మాట పెద్దవారు బతికి ఉండగానే తేల్చండి, వీలునామా రాయించండి. చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాను. క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. తండ్రి వీలునామా లేకుండా చనిపోతే, భార్యకు మూడవ వంతు, మిగిలిన రెండు వంతులు బిడ్డలందరికీ సమానం. కొడుకు, కూతురు అన్న తేడా లేదు. "పెళ్లికి పెట్టాము గదా" అని ఆడబిడ్డను పక్కన పెడితే, అక్కడే ఇంకొక లచ్చవ్వ కథ మొదలవుతుంది.

మూడవది: దూరదేశంలో ఉన్నవారితో మాటలు తెంచుకోకండి. అప్పు సంగతి తరువాత తేల్చుకోవచ్చు. ఈ ఆదివారం పూజ కాగానే ఒక ఫోను చేయండి. "అన్నం తిన్నవా?" అని అడిగితే చాలు.

తప్పిపోయిన కుమారుని కథలో పెద్దవాడు చివరికి ఇంట్లోకి వెళ్లాడో లేదో ప్రభువు చెప్పలేదు. తండ్రి బయటికి వచ్చి బతిమాలుతుండగా కథ ఆగిపోతుంది. మిగిలింది మనం మన ఇళ్లలో పూర్తి చేయాలి.

ఇంటిల్లిపాది కూర్చుని ఆలోచించండి:

1. మన బంధువుల్లో ఎవరితో మనకు మాటలు లేవు? అది ఏ మాట దగ్గర మొదలైంది?

2. వచ్చే నవంబరు 2న, ఆత్మల పండుగ నాడు, మన పెద్దల సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించేటప్పుడు మన పక్కన ఎవరు నిలబడాలి? వారిని పిలవడానికి ఎవరు వెళ్తారు?

రెండవ ప్రశ్నకు జవాబుగా ఒక పేరు రాసుకున్న తరువాతే జపమాల మొదలు పెట్టండి.

దేవుడు మిమ్మును దీవించును గాక.

మీ విచారణ గురువు