సంఖ్యల గాదె

1, 1, 2, 5, 14, 42... తర్వాత అంకె ఏది? 132 అని చెప్పే డేటాబేస్ ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది.

1964లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో నీల్ స్లోన్ అనే పరిశోధక విద్యార్థి యిలాంటి అనుక్రమాలను కార్డులమీద రాసుకోసాగారు. 1973లో 2,372 అనుక్రమాలతో పుస్తకం వేశారు. 1996లో అవి ఇంటర్నెట్‌కెక్కాయి. యిప్పుడవి మూడున్నర లక్షలు దాటాయి.

నేను రైతుబిడ్డను. గాదె నింపడం ఒక్కనాటి పని. పురుగు పట్టకుండా కాయడం ఏడాది పొడుగునా పని. యిక్కడా అంతే. అనుక్రమం ఎవరైనా పంపవచ్చు. కాని సంపాదకులు సరిచూస్తేగాని లోపలికి పోదు. ప్రతిదానికీ ఓ నంబరుంటుంది.

నాకు బాగా నచ్చిందేమిటంటే, ఎక్కడో తప్పుగా అచ్చయిన అనుక్రమాన్నీ వీళ్లు పారెయ్యరు. 'యిది తప్పు' అని రాసి, సరైనదానికి దారి చూపుతారు. ఆ తప్పును చదివినవాడు దాన్నే వెతుక్కుంటూ వస్తాడు కదా!

పెద్ద లైబ్రరీ దగ్గరలేని పల్లెటూరి విద్యార్థికి కూడా యిదంతా ఉచితమే. అయితే మిత్రులారా, తిని పోవడమేనా? అందులో తప్పు కనబడితే ఓ ముక్క రాసి పంపుదాం. గాదె నిలిచేది అలాంటి చేతులవల్లే.