గదిలో గ్రీష్మం

భారతీయ కావ్యాలలో ఋతువర్ణనకు విశిష్టస్థానం ఉంది. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని గ్రీష్మవర్ణన తెలుగు సాహిత్యంలో సుప్రసిద్ధం. అయితే కావ్యంలో రమ్యంగా తోచే ఎండ జీవితంలో ప్రాణాంతకం కాగలదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు దేశంలో రెండువేల మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారే. పగలంతా ఎండతాపానికి గురైన శరీరం రాత్రివేళ చల్లబడి తేరుకోవాలి. రాత్రి సైతం గది కుంపటిని తలపిస్తే ఆ అవకాశం ఉండదు. వృద్ధులు, పసిపిల్లలు, రోగులు ముందుగా కుంగిపోతారు. కనుక గదిని చల్లబరచుకోవడాన్ని కేవలం విలాసమని తీసివేయడానికి వీలులేదు.

పూర్వికులు ఇంటి నిర్మాణంలోనే ఎండకు విరుగుడు చూసుకున్నారు. మందమైన మట్టిగోడలు, పెంకుల కప్పులు, గాలి ఆడే మండువాలు, ముంగిట వేపచెట్టు, తాటాకుల పందిరి ఎండను గడపకు ఆవలనే నిలువరించేవి. స్తోమత గలవారు ద్వారాలకు వట్టివేళ్ల తడికలు కట్టించి నీళ్లు చిలకరింపజేసేవారు. నేటి డాబా ఇళ్లలో సిమెంటు పైకప్పు పగలంతా వేడిని పీల్చుకొని, పొద్దుగూకిన తరువాత గదిలోకి వదులుతుంది. అందువల్లనే పై అంతస్తులో ఫ్యాను తిరుగుతున్నా వేడిగాలే తగులుతుంది. ఫ్యాను గాలిని కదిలించి చెమటను ఆరబెడుతుందే కాని గదిలోని వేడిని తగ్గించలేదు.

వట్టివేళ్ల తడికలో ఇమిడి ఉన్న సూత్రం సులభమైనది. ఒక గ్రాము నీరు ఆవిరిగా మారేటప్పుడు సుమారు 580 కాలరీల ఉష్ణాన్ని పరిసరాలనుండి గ్రహిస్తుంది. కొత్తకుండలో నీరు చల్లబడటానికీ, కూలరునుండి చల్లగాలి రావడానికీ ఇదే కారణం. అయితే గాలి పొడిగా ఉన్నప్పుడే నీరు త్వరగా ఆవిరవుతుంది. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల పొడి ఎండలలో కూలరు చక్కగా పనిచేస్తుంది. మచిలీపట్నం, విశాఖపట్నం వంటి తీరపట్టణాలలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది గనుక, అక్కడ కూలరువల్ల ఉక్క పెరుగుతుంది. కూలరు ఉన్న గదిలో తేమగాలి వెలుపలికి పోవడానికి కిటికీ తెరచి ఉంచాలి. ఏసీ ఉన్న గదిలో కిటికీ మూసి ఉంచాలి. ఈ భేదం తెలియక రెండింటినీ ఒకే విధంగా వాడేవారు ఎందరో ఉన్నారు.

ఏసీ అనుసరించే మార్గం వేరు. 1902లో విల్లిస్ కారియర్ అనే అమెరికా ఇంజనీరు న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయం కోసం ఆధునిక వాతానుకూల యంత్రానికి రూపకల్పన చేశాడు. తేమకు కాగితం సాగి, ఒక రంగుపై మరొక రంగు సరిగా కుదరకపోవడం ఆ ముద్రణాలయం ఎదుర్కొన్న సమస్య. కాగితం కోసం పుట్టిన యంత్రం క్రమంగా మనుషుల గదులలో ప్రవేశించింది. ఇందులో ఒక శీతలకారక పదార్థం గొట్టాలలో నిరంతరం తిరుగుతూ ఉంటుంది. అది గదివైపున ఆవిరై వేడిని గ్రహిస్తుంది. కంప్రెసర్ ఒత్తిడికి లోనై, బయటివైపున మళ్లీ ద్రవమై ఆ వేడిని విడిచిపెడుతుంది. అంటే యంత్రం చేసేది వేడిని ఒకచోటినుండి మరొకచోటికి మోయడమే. ఏసీ సామర్థ్యాన్ని టన్నులలో చెప్పడం యంత్రం బరువునుబట్టి కాదు. ఒక టన్ను మంచు 24 గంటలలో కరుగుతూ ఎంత వేడిని గ్రహిస్తుందో, ఆ వేగంతో వేడిని తొలగించగల యంత్రం ఒక టన్ను ఏసీ.

స్ప్లిట్ ఏసీలో వేడిని విడిచే భాగం గోడ అవతల ఉంటుంది. అద్దె ఇళ్లలో గోడకు రంధ్రం చేయడానికి యజమానులు అంగీకరించని సందర్భాలు ఉంటాయి. అటువంటివారికి చక్రాలపై కదిలే పోర్టబుల్ ఏసీ ఉపయోగపడుతుంది. ఇందులో చల్లబరచే భాగం, వేడిని విడిచే భాగం ఒకే పెట్టెలో ఉంటాయి. వేడిగాలిని ఒక లావుపాటి గొట్టం ద్వారా కిటికీనుండి వెలుపలికి పంపాలి. కూలరువలె దీనిని గది మధ్యలో నిలిపి, గొట్టాన్ని లోపలే వదిలివేస్తే గది చల్లబడకపోగా మరింత వేడెక్కుతుంది. తీసుకున్న వేడి తిరిగి గదిలోకే రావడమే కాక, యంత్రం వాడుకున్న విద్యుత్తు సైతం వేడిగా మారి దానికి తోడవుతుంది. ఫ్రిజ్ తలుపు తెరచి ఉంచినా వంటగది చల్లబడకపోవడానికి ఇదే కారణం.

ఒకే గొట్టం గల యంత్రానికి మరొక పరిమితి ఉంది. అది గదిలోని గాలినే కొంత వెలుపలికి నెడుతుంది. ఆ లోటు భర్తీ కావడానికి తలుపు సందులనుండి బయటి వేడిగాలి లోనికి వస్తుంది. రెండు గొట్టాలు గల యంత్రం వేడిని విడిచే భాగానికి కావలసిన గాలిని బయటినుండే తీసుకుంటుంది గనుక ఈ లోపం తగ్గుతుంది. గొట్టాన్ని వీలైనంత పొట్టిగా, వంపులు లేకుండా అమర్చాలి. కిటికీలో మిగిలిన ఖాళీని పలకతో మూయాలి. ఎండపడే కిటికీలకు తెరలు వేయాలి. యంత్రంలో చేరిన నీటిని అవసరమైనప్పుడు పారబోయాలి. అధిక విద్యుత్తు వాడే యంత్రం కనుక సన్నని ఎక్స్‌టెన్షన్ తీగకు తగిలించరాదు. ఉష్ణోగ్రతను మరీ తగ్గిస్తే విద్యుత్తు ఖర్చు పెరుగుతుంది. నక్షత్ర ముద్ర గల గది ఏసీలు మొదట 24 డిగ్రీల వద్ద పనిచేసేలా ఉండాలని 2020 జనవరి 1 నుండి అమలైన నిబంధనలోని ఆంతర్యం ఇదే.

గదినుండి తరలిన వేడి ఎక్కడికి పోతున్నదన్న ప్రశ్న మిగిలే ఉంది. ఒక యంత్రం 1 కిలోవాటు విద్యుత్తు వాడి గదినుండి 3 కిలోవాట్ల వేడిని తొలగిస్తే, వీధిలోకి 4 కిలోవాట్ల వేడి చేరుతుంది. ఇరుకు సందులో ఒకరి గొట్టం పొరుగువారి కిటికీకి ఎదురుగా ఉంటే, ఒకరి సుఖం మరొకరికి తాపమవుతుంది. ఏసీ కొనలేనివారు, ఆరుబయట నిద్రించేవారు ఆ వేడిని అదనంగా భరిస్తారు. కనుక వేడిని తరలించడానికి ముందు దానిని లోనికి రానీయకపోవడం ఉత్తమం. పైకప్పుకు సున్నం లేదా ఎండను తిప్పికొట్టే తెల్లని రంగు పూయడం, పడమటి గోడకు నీడ కల్పించడం, చెట్లు పెంచడం అందుకు మార్గాలు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించడంలోని ఉద్దేశం కూడా ఇదే. అటువంటి ఇంట్లో చిన్న యంత్రమే చాలును. అది విడిచే వేడి కూడా తక్కువే. తన గది చల్లబడాలని కోరుకునేవారు ఆ వేడి ఎవరి ముంగిట వాలుతున్నదో చూసుకోవడం నాగరికత.

ప్రశ్నలు

1. పొడి ఎండలలో ఉపకరించే కూలరు తీరప్రాంతంలో ఉపశమనం ఇవ్వకపోవడానికి కారణమేమి?
2. పోర్టబుల్ ఏసీ గొట్టాన్ని గదిలోనే వదిలితే ఏమి జరుగుతుంది? ఎందువల్ల?
3. ‘ఒకరి సుఖం మరొకరికి తాపమవుతుంది’ – ఈ వాక్యాన్ని పాఠ్యాంశం ఆధారంగా వివరించండి.