పచ్చిపులుసు పక్కన ఒక గ్లాసు

కల్వకుర్తి,
ఆదివారం రాత్రి

చిరంజీవి అల్లునికి,

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి అక్కడికక్కడే జవాబు చెప్పలేకపోయాను. దోస్తులకు దావత్ ఇచ్చి, ఖరీదైన ఎర్ర వైన్ తెచ్చి, నాటుకోడి కూరతో పోస్తే అందరి నోళ్లూ మండిపోయాయన్నావు. ‘నాకు వైన్ అర్థం కాదేమో మామా’ అన్నావు. నువ్వు అర్థం చేసుకోలేక కాదు. ఆ కూరకూ ఆ సీసాకూ పడదు, అంతే. ఈ ఆరేడేళ్లలో నేను చెడగొట్టుకున్న భోజనాలు నీకన్నా పనికిరావాలని కూర్చుని రాస్తున్నాను.

నోట్లో వేడిని పసిగట్టే నరాల కొసలే కారాన్నీ పసిగడతాయి. మామూలుగా 42 డిగ్రీల దగ్గర అవి ‘కాలుతోంది’ అని మొరపెడతాయి. ఆల్కహాల్ తగిలితే 34 డిగ్రీలకే మొదలుపెడతాయి. అంటే ఒంట్లో ఉండే వేడే వాటికి మంటయిపోతుంది. 14 శాతం ఆల్కహాల్ ఉన్న షిరాజ్ లాంటి ఎర్ర వైన్‌ను మన ఎర్రకారం మీద పోస్తే ఇక చెప్పేదేముంది! పైగా ఎర్ర వైన్‌లో ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి దిగిన టానిన్ ఉంటుంది. పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుకను వగరుతో పట్టేస్తుంది. మండుతున్న నాలుకకు ఆ వగరు కూడా తోడైతే కోడి రుచీ పోతుంది, వైన్ రుచీ పోతుంది.

మరి మన తాతలు ఈతవనంలో కూర్చుని, బోటి కూర నంజుకుంటూ ఏం తాగారు? పొద్దున దించిన ఈత కల్లు. చల్లగా, కొంచెం తీపి, కొంచెం పులుపు, ఆల్కహాల్ నాలుగైదు శాతం. కారానికి ఏం కావాలో అన్నీ అందులోనే ఉన్నాయి. పాలమూరులో కల్తీ కల్లు ఎన్ని ఇళ్లు కూల్చిందో నీకు తెలుసు, కాబట్టి తాగమని చెప్పడం లేదు. కానీ వైన్ కొనేటప్పుడు ఆ రుచినే మనసులో పెట్టుకో.

మన దగ్గర మందు దుకాణాన్ని ‘వైన్స్’ అనే పిలుస్తాం. అక్కడికి పోయి వైన్ అడిగేవాళ్లు ఎంతమంది? అందుకే హైదరాబాద్ వచ్చినప్పుడు నాసిక్ షెనిన్ బ్లాంక్ తెచ్చుకుంటాను. తెల్ల ద్రాక్ష, తేలిక వైన్, చాలా సీసాల్లో కాస్త తీపి మిగిలి ఉంటుంది. నాసిక్‌లో రాజీవ్ సామంత్ సూలా వైనరీ పెట్టింది 1999లో. అంతకుముందు నుంచీ అక్కడ తినే ద్రాక్ష పండేది, మన హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు అనబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటలు ఉన్నట్టు. వైన్ ద్రాక్ష వేరు. కాయ చిన్నది, తొక్క మందం, తీపి ఎక్కువ. వానలు వెళ్లాక తీగలు కత్తిరించి, జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు. మన ఎండకు కాయలో పులుపు తొందరగా తగ్గిపోతుంది. అందుకని వైన్ చేసేటప్పుడు చాలామంది టార్టారిక్ ఆమ్లం కలుపుతారు.

ఆ పేరు చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. చింతపండులో ఉండే ముఖ్యమైన పులుపూ అదే! ద్రాక్షకు, మన చింతచెట్టుకు చుట్టరికం ఇక్కడుంది.

మరుసటి రోజు రాత్రి మీ అత్త పచ్చిపులుసు చేసింది. పొయ్యి మీద పెట్టని చింతపండు రసం, చేత్తో నలిపిన ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిరపకాయ, కొత్తిమీర, వేయించి దంచిన నువ్వులు. పక్కన వేడి జొన్నరొట్టె. ముందు ఒక గుక్క షెనిన్ తాగాను, పుల్లగానే ఉంది. రొట్టె ముక్క పచ్చిపులుసులో ముంచి తిని మళ్లీ తాగితే, అదే వైన్ మెత్తబడి జామపండు వాసన వేసింది. పళ్లెంలోని పులుపు వైన్ పులుపును తగ్గించి చూపిస్తుంది. అంతకుముందు వారం పులుపు లేని ఒక తెల్ల వైన్ ఇదే పచ్చిపులుసుతో తాగితే మంచినీళ్లలా ఉంది. కాబట్టి మాంసమా, కూరగాయా అని చూడకు. పళ్లెంలో ఏ రుచి ముందు పలుకుతోందో చూడు. పులుపైతే అంత పుల్లని వైన్ కావాలి. కారమైతే చల్లనిది, కాస్త తియ్యనిది కావాలి. వైన్ కోసం కూరలో కారం తగ్గించమని మాత్రం ఎవరినీ అడగకు. ఇంట్లో వండినదాని దగ్గరికి సీసానే రావాలి.

నమ్మకం కుదరకపోతే నిమ్మబద్ద మీద ఉప్పు వేసుకుని నాకి, నీ దగ్గర మిగిలిన ఆ ఎర్ర వైన్ ఒక గుక్క తాగు. వగరు సగం తగ్గుతుంది.

ఎర్ర వైన్‌ను పారేయకు. తలకాయ కూరలో ఎండుకారం తగ్గి మిరియం ఎక్కువైన రోజు దాన్ని తీయి. ఆ కొవ్వు, ఆ జిగురు వగరును మింగేస్తాయి. సంక్రాంతి సకినాలకు బుడగల వైన్ బాగుంటుంది, నూనెను కడిగేస్తుంది. తీపి వంటల దగ్గర ఏదీ వద్దు, మంచి వైన్ కూడా చేదుగా అనిపిస్తుంది. పెరుగన్నం, మామిడి తొక్కు కలిసిన చోట నేను ప్రయత్నమే మానుకున్నాను.

పుస్తకాల్లో ‘ఎర్ర వైన్ గది వేడిమిలో తాగాలి’ అని ఉంటే నమ్మకు. ఆ గది యూరప్ రాతి ఇంట్లోది, 16, 18 డిగ్రీలు. మన వేసవి గది కాదు. ఒక మే నెలలో మూడు సీసాలు బీరువాలో పెట్టి కాశీకి పోయాం. తిరిగొచ్చి చూస్తే ఒకదాని బిరడా పైకి తోసుకొచ్చి ఉంది. గ్లాసులో పోస్తే ఉడికిన ఖర్జూరం వాసన. మూడూ మోరీలో పోయాల్సి వచ్చింది. ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టు. ఎర్రదైతే తాగే ముందు అరగంట బయట ఉంచు, చాలు.

750 మిల్లీలీటర్ల సీసాలో ఐదు గ్లాసులు వస్తాయి. నేనూ మీ అత్తా రెండు రాత్రులు తాగుతాం. ముందు దాహానికి నీళ్లు తాగి, అన్నం ముందుకు వచ్చాకే గ్లాసు ముట్టుకో. ఆ రాత్రి బండి తాళం చెవి ఎవరి చేతికైనా ఇచ్చేయి. ప్రతిసారీ కూర పేరు, ఏ సీసా, మొదటి గుక్క, ముద్ద తర్వాతి గుక్క, ఈ నాలుగూ నోటుబుక్కులో రాసుకో. ఒక రోజు ఒక్కటే మార్చు. కూర అదే ఉంచి సీసా మార్చు, లేదా సీసా అదే ఉంచి కూర మార్చు.

నా నోటుబుక్కులో పుంటికూర మటన్ పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. షెనిన్ దాని ముందు తేలిపోయింది, ఇంకో తెల్ల వైన్ సావిన్యోఁ బ్లాంక్ పులుపుకు నిలబడింది గానీ మాంసం దగ్గర ఓడింది. టానిన్ తక్కువున్న ఎర్ర వైన్ ఏదన్నా చల్లగా పోసి చూడాలని ఉంది. వచ్చే ఆదివారం వచ్చేటప్పుడు అలాంటిది ఒకటి పట్టుకురా. పుంటికూర నేను అంగట్లో తెస్తాను, అత్త వండుతానంది.

నీ
మామ